జెరాక్స్ అంగడోడి డౌటు: ప్రైవసీ అంటే మనోళ్లకు నిజంగా పట్టింపు ఉందా?

బురుజు_జెరాక్స్ (కర్నూలు)

అందరికీ నమస్తే. కర్నూల్లో నాకు చిన్న జెరాక్స్ అంగడి ఉంది, జెరాక్సుతో పాటు పాన్ కార్డులు, హాల్‌టికెట్లు, పీఎం కిసాన్ ఈకేవైసీ, ఉద్యోగాల అప్లికేషన్లు అన్నీ చేస్తా. రాజ్‌విహార్ నుంచి నడిచొచ్చే దూరం, అంతకంటే చెప్పను, టాపిక్కే ప్రైవసీ కదా.

పోయిన ఆదివారం కంప్యూటర్ మొండికేసింది, ఒక్క ప్రింటు ఇచ్చేకి పది నిమిషాలు, ఏందబ్బా అని చూస్తే డిస్కు నిండిపోయింది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచినా. పద్నాలుగు వేల పైన ఫైళ్లు. అందరూ అంగడి నంబరుకి వాట్సాప్‌లో పంపుతారు, నేను ప్రింటు తీసి ఇస్తా, ఫైలు ఆడనే పడి ఉంటాది, నాలుగేళ్లుగా ఎప్పుడూ తీయలేదు. ఆధార్లు, పాన్లు, పాస్‌బుక్కులు, కులం సర్టిఫికెట్లు, భూమి కాగితాలు, ఎవరిదో కడుపు స్కానింగ్ రిపోర్టు, ఒకామె విడాకుల నోటీసు. ఊరి సగం బతుకు నా అంగట్లో పడుంది, కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ కూడా లేదు, నేను టిఫిన్‌కి పోతే పక్కంగడి పిల్లోడు కూర్చుంటాడు. నిజం చెప్తున్నా, నాకే భయమేసింది. రాత్రి పదకొండు దాకా కూర్చుని అన్నీ డిలీట్ కొట్టినా, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసినా.

సోమవారం పొద్దున్నే ఒకాయన వచ్చినాడు, నాకు పాత గిరాకీ, "ఏమప్పా, పోయిన నెల పంపిన ఆధార్ ఉంటాది కదా, రెండు కాపీలు తీయి" అన్నాడు. డిలీట్ చేసినా అన్నా. కోపం వచ్చేసింది ఆయనకి. "ఎవురు చేయమన్నారు నిన్ను? నీ దగ్గర ఉంటాదనే కదా నేను ఫోన్లో తీసేసింది!" ఆ వారంలో ఇట్ల ఆరేడు మంది అరిచి పోయినారు. థాంక్స్ అన్నోడు ఒక్కడూ లేడు.

ఇంగ మామూలుగా జరిగేవి చెప్తే మీరు నమ్మరు. ఓటీపీ వస్తే అంగడంతా వినపడేట్టు చదువుతారు. ఫోన్ లాక్ తీసి టేబుల్ మీద పెట్టి "నువ్వు చేస్తా ఉండు, టీ తాగొస్తా" అని పోతారు. గూగుల్ పే పిన్ నాకు నోటితో చెప్పినోళ్లు ఉన్నారు. వాళ్ల వాట్సాప్‌ని నా కంప్యూటర్లో తెరిపించుకుని లాగౌట్ కాకుండానే పోతారు, తెల్లారి నేను సిస్టం ఆన్ చేస్తే వాళ్లింటి మెసేజులు టింగుటింగున వస్తాంటాయి.

అందుకే అడుగుతున్నా. తెలియకనా, తెలిసీ ఏం చేస్తాంలే అనా, లేక నిజంగానే పట్టదా? నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా?

శెనక్కాయ_సేను (అనంతపురం జిల్లా)

అన్నా నా దాంట్లో దోచుకునేకి ఏముంది. అకౌంట్లో ఉండేది పదకొండొందలు, అప్పు రెండున్నర లక్షలు. నా డేటా ఎవడైనా ఎత్తుకుపోతే అప్పు కూడా ఎత్తుకుపోమనండి, దండం పెడతా.

ఊరికే_చదువుతా

అన్నా మీ అంగట్లో కలర్ ప్రింటు ఎంత

క్యాషుకౌంటర్_అక్క (అనంతపురం)

జెరాక్స్ తమ్ముడూ, నువ్వు రాసింది చదివి నవ్వొచ్చింది, ఎందుకంటే నేను పందొమ్మిదేళ్లుగా బ్యాంకులో కౌంటర్ మీద ఇదే చూస్తున్నా. కానీ నీ ప్రశ్న రొంత తప్పు అనిపిస్తుంది నాకు.

మా దగ్గరికి ఒక అవ్వ వస్తుంది, పల్లె నుంచి. ఏటీఎం కార్డు కవరు మీద పిన్ నంబరు స్కెచ్ పెన్నుతో ఇంత లావున రాసి ఉంటుంది. ఎన్నిసార్లు చెప్పినా "నాకు గుర్తుండదమ్మా" అంటుంది. అదే అవ్వ పాస్‌బుక్కు ప్రింటు వేయించుకునేటప్పుడు చూడాలి, గ్లాసుకి ముఖం ఆనించి, కొంగు అడ్డం పెట్టుకుని, గొంతు తగ్గించి "అమ్మణ్ణీ, ఎంతుందో గట్టిగా చెప్పాకు, కోడలు బెంచీ మీద కూర్చోనుంది" అంటుంది. కొడుకు అడిగితే సగమే చెప్పమంటుంది. ఆ అవ్వకి ప్రైవసీ పట్టదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

బంగారం తాకట్టుకి వచ్చేవాళ్లు ఇంకా జాగ్రత్త. తమ ఊరోళ్లు ఎవరన్నా లైన్లో కనిపిస్తే వెనక్కి తిరిగి పోయి మధ్యాహ్నం వస్తారు. వాయిదా నోటీసు ఇంటికి పంపొద్దు మేడం, నా నంబరుకే ఫోన్ చేయండి, మా ఆయన నంబరు రాయొద్దండి అని ఫారం మీద వేలు పెట్టి చూపించి మరీ చెప్తారు. పెళ్లిలో కట్టుకున్నవి గిల్టువని వియ్యంకులకి తెలియకూడదు, అంతే వాళ్ల బాధ.

మనోళ్లు దాచుకునేది కళ్ల ముందర ఉండే మనిషి నుంచి. తోడికోడలు, దాయాది, పక్కింటోడు, వీళ్లకి తెలిస్తే రేపు పంచాయితీలో, పెళ్లి మాటల్లో, గట్టు తగాదాలో ఎక్కడో ఒకచోట అది మెడకి చుట్టుకుంటుంది, చుట్టుకోవడం వాళ్లు చూసినారు కూడా. అమెరికాలో ఉండే కంపెనీ వాడు మన ఊర్లో పెళ్లికి రాడు కదా. నువ్వు కూడా వాళ్లకి బయటి మనిషివే తమ్ముడూ, జెరాక్స్ మిషన్ ఎట్లనో నువ్వూ అట్లనే, మిషన్ ముందర ఎవరు సిగ్గుపడతారు.

ఏడురోడ్ల_టెకీ (కడప)

అక్క చెప్పింది బాగుంది కానీ ఇక్కడ కొన్ని విషయాలు చెప్పాలి, నేను సాఫ్ట్‌వేర్‌లో పదేళ్లు, ఇప్పుడు కడపలో ఇంటి నుంచే పని.

ఇది మన దగ్గరే ఉండే జబ్బు కాదు. అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీలో 2014లో విద్యార్థులకి బిట్‌కాయిన్ పంచి ఒక ప్రయోగం చేసినారు, అందులో కొంతమందికి మీ ఫ్రెండ్స్ ఈమెయిళ్లు రాసిస్తే పిజ్జా ఇస్తాం అన్నారు. ప్రైవసీ మాకు చాలా ముఖ్యం అని సర్వేలో టిక్కు పెట్టినోళ్లు కూడా పిజ్జా కోసం రాసిచ్చేసినారు. అడిగితే ఒక మాట, చేసేది ఇంకో పని, దీన్నే ప్రైవసీ పారడాక్స్ అంటారు. ఇంగ చదవకుండా అగ్రీ నొక్కుతారు అని తిట్టేవాళ్లకి, కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఇద్దరు 2008లో లెక్కేసినారు, మనిషి ఏడాదిలో చూసే వెబ్‌సైట్ల పాలసీలన్నీ నిజంగా చదివితే ఏడాదికి 244 గంటలు పడుతుందని. ఫోన్లో ఇన్ని యాప్‌లు లేని కాలం లెక్క అది.

అట్లని ఎవరికీ పట్టదనే మాట కూడా తప్పు. మన పక్కన బెంగళూరులో రిటైరైన హైకోర్టు జడ్జి కె.ఎస్. పుట్టస్వామి గారు 2012లో, అంటే 86 ఏళ్ల వయసులో ఆధార్ మీద సుప్రీంకోర్టుకి పోయినారు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జిలు ఒక్కమాటగా ప్రైవసీ ప్రాథమిక హక్కు అని చెప్పింది. 2023లో డేటా రక్షణకి చట్టం కూడా వచ్చింది, డేటాకి సరైన రక్షణ లేకుండా వదిలేస్తే 250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చు అందులో.

జెరాక్స్ అన్నకి నా సలహా, ఆధార్ ఇచ్చే ప్రతి ఒక్కరికీ మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసి ఇయ్యి, చివరి నాలుగు అంకెలే కనపడతాయి. వాట్సాప్‌లో లింక్‌డ్ డివైజెస్ అని ఉంటుంది, అక్కడికి పోయి నీ కంప్యూటర్ని వాళ్ల చేతనే తీయించు. ఆధార్‌లో ఉండే వేలిముద్రలు ఇంకెవరూ వాడకుండా బయోమెట్రిక్ లాక్ పెట్టుకోమని చెప్పు. సంచార్ సాథీ అనే సర్కారు వెబ్‌సైట్లో వాళ్ల పేరు మీద ఎన్ని సిమ్ములు ఉన్నాయో చూపించు. ఇవి కూడా చేసుకోకపోతే బద్ధకం తప్ప ఇంకేం కాదు.

శెనక్కాయ_సేను

రిటైరైన హైకోర్టు జడ్జి మామూలు మనిషా సామీ? ఆయనకి చట్టం తెలుసు, కోర్టు దారి తెలుసు. నాకు తాసిల్దారాఫీసు దారి తెలుసు, ఆడ కుర్చీ ఎప్పుడు ఖాళీగా ఉంటాదో కూడా తెలుసు.

బద్ధకం అన్నావు కదా, ఇను. మా బామ్మర్ది నీ మాదిరే చదువుకున్నోడు, పోయిన సంవత్సరం మా అమ్మ ఆధార్‌కి బయోమెట్రిక్ లాక్ పెట్టి పోయినాడు హైదరాబాదుకి. ఒకటో తారీకు వచ్చింది, రేషన్ కాడ మిషన్ మీద వేలు పెడితే పడదు. ముందే మా అమ్మకి కలుపు తీసి తీసి వేలి గీతలు అరిగిపోయినాయి, దానికే పడలేదేమో అనుకుని సబ్బుతో కడిగి, తల నూనె రాసి, పది వేళ్లూ పెట్టించినారు. ఎండలో రెండు గంటలు. నాకు సాయంత్రం ఫోన్ చేస్తే అప్పుడు బామ్మర్దికి చేసినా, "అయ్యో బావా లాక్ తీయాల కదా" అన్నాడు. తీసేకి ఓటీపీ యాడికి పోతాది? ఆధార్‌కి ఉండే నంబరు నాది, నేనప్పుడు బళ్లారిలో మార్కెట్ యార్డులో ఉన్నా.

వేలు పెట్టను అంటే బియ్యం రావు, ఈకేవైసీ చేయను అంటే కిసాన్ డబ్బు రాదు. వద్దు అనే బటనే లేని చోట నాకు పట్టింపు ఉందా లేదా అని అడిగేది ఏంది? నేను సరే అన్నది ఇష్టంతో కాదు, అట్లని మండిపడతానా ప్రతిసారీ, బతకాల కదా.

ఏడురోడ్ల_టెకీ

సరే అన్నా, బద్ధకం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. లాక్ పెట్టేముందు రేషన్ సంగతి చెప్పకపోవడం నాదే తప్పు.

ఇంకోటి, ప్రభుత్వమే ఎట్ల తికమక పెడుతుందో చూడండి. 2022 మే నెలాఖరులో ఆధార్ సంస్థ బెంగళూరు ఆఫీసు నుంచి ఒక ప్రకటన వచ్చింది, ఆధార్ జెరాక్సు ఎవరికీ ఇయ్యొద్దు, దుర్వినియోగం కావచ్చు, మాస్క్‌డ్ వాడండి అని. రెండు రోజులకే వెనక్కి తీసుకున్నారు, జనం తప్పుగా అర్థం చేసుకుంటారని, మామూలు జాగ్రత్త తీసుకుంటే చాలని. ఇయ్యొద్దా, ఇయ్యాల్నా? లాడ్జిలో రూము కావాలంటే, కొత్త సిమ్ము కావాలంటే, గ్యాసు కనెక్షన్ కావాలంటే మనిషి ఏం చేయాల?

పేరు_వద్దు (ప్రొద్దుటూరు)

నేను ఎక్కడా రాయలేదు ఇది, ఈడ ఎవరికీ నేను తెలియదు కాబట్టి రాస్తున్నా. 2021లో కొవిడ్ టైంలో పని లేదు, మా ఆవిడకి బాగలేదు, చేతిలో లెక్క లేదు, ఒక లోన్ యాప్ వేసుకున్నా ఐదు వేలకి, చేతికి వచ్చింది మూడు వేల చిల్లర, ఏడు రోజుల్లో ఐదు వేలు కట్టాల. యాప్ తెరిస్తే కాంటాక్ట్స్ అలౌ, ఫోటోలు అలౌ అని వరసగా అడిగింది, అలౌ అలౌ అని నొక్కుకుంటా పోయినా, నొక్కకపోతే ముందుకి పోదు, పైగా శెనక్కాయ అన్న చెప్పినట్టే నేను కూడా నా దాంట్లో ఏముందిలే అనుకున్నా.

ఎనిమిదో రోజు మా చెల్లెలి అత్తకి ఫోన్ పోయింది. నాకు కాదు, ఆమెకి. తర్వాత ఇంటి ఓనరుకి, మా పిల్లోని ట్యూషన్ సారుకి, నేను పని చేసిన బంగారు అంగడి సేటుకి, ఎప్పుడో ఒకసారి నంబరు వేసుకున్న ప్లంబర్‌కి కూడా. నా ఫోటోకి దొంగ అని రాసి, ఇంకో ఫోటో అయితే చెప్పలేను, అందరికీ పంపినారు. కట్టినాక కూడా ఆగలేదు, ఇంకా కట్టాల అని. చెల్లెలిని అత్తగారింట్లో ఆరు నెలలు మాటలన్నారు, మీ అన్న మా నంబరు ఎవరికో అమ్ముకున్నాడు అని. దాంట్లో ఆ బిడ్డ చేసిన తప్పేంది?

నా ఫోన్లో నాలుగొందల మంది నంబర్లు ఉండాయి. అలౌ నొక్కింది నేనొక్కడినే. వాళ్లని ఎవరడిగినారు?

2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు రూల్ పెట్టింది, లోన్ యాప్‌లు ఫోన్లో కాంటాక్ట్స్, కాల్ లిస్టు, ఫైళ్లు ముట్టుకోకూడదు అని. నాకైతే లేటు. ఇప్పుడు ఎవరికన్నా ఇట్ల అయితే సిగ్గుపడి గమ్మున ఉండొద్దండి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి. నేను నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు, అదే పెద్ద తప్పు.

జెరాక్స్ అన్నా నువ్వు ఎక్కువేం ఆలోచించడం లేదు. ఆ పద్నాలుగు వేల ఫైళ్లు డిలీట్ కొట్టినావు చూడు, ఎవరూ థాంక్స్ చెప్పలేదు కదా, నేను చెప్తున్నా.

క్యాషుకౌంటర్_అక్క

తమ్ముడూ, చెల్లెలు ఇప్పుడు బాగుందా?

పేరు_వద్దు

బాగుందక్కా. పోయిన దసరాకి ఇంటికి వచ్చింది.

హాస్టల్_మేడ (అనంతపురం)

ఇక్కడ అందరూ మనోళ్లు మనోళ్లు అంటున్నారు, ఆ మనోళ్లలో ఆడపిల్లలు లేరా అని డౌటొచ్చింది. నేను డిగ్రీ సెకండియర్. మా రూములో నలుగురం, నలుగురి డీపీలు ఏంటో తెలుసా, గులాబీ, వెంకటేశ్వర స్వామి, పిల్లి, ఇంకొకటి ఖాళీ. ముఖం పెట్టకూడదని మాకు ఎవరూ క్లాసు చెప్పలేదు, టెన్త్‌లోనే తెలిసిపోయింది. రీచార్జ్ అంగడికి పోయి నంబరు చెప్తే సాయంత్రానికి హాయ్ అని మెసేజ్ వస్తుంది, అందుకే మా నాయనతోనే ఆన్‌లైన్‌లో వేయించుకుంటాం. బట్టల అంగట్లో బిల్లు దగ్గర ఫోన్ నంబర్ చెప్పండి మేడం అంటే మా ఫ్రెండ్ ఒక అంకె మార్చి చెప్తుంది ఎప్పుడూ, ఆ తప్పు నంబరు వాడెవడో పాపం, వాడికి ఆఫర్ల మెసేజులు ఎన్ని పోతున్నాయో. నంబరు ఇస్తేనే బిల్లు అని బలవంతం చేయకూడదని 2023లో కేంద్రం అంగళ్లకి చెప్పింది కూడా, అది చెప్తే కౌంటర్లో అబ్బాయి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసినాడు.

ఇంత జాగ్రత్తగా ఉన్నా, పేరు చూపించే యాప్ ఒకటి వేసుకుని ఎవరో నా నంబరు కొడితే, నా పేరు, పక్కన కాలేజీ పేరు, సెకండియర్ అని వచ్చింది. నేను ఎక్కడా ఇయ్యలేదు. మా క్లాసులో ఎవరో నన్ను ఫోన్లో అట్ల సేవ్ చేసుకుని, వాళ్ల కాంటాక్ట్స్ మొత్తం ఆ యాప్‌కి ఇచ్చేసినారు, పేరు_వద్దు అన్న చెప్పిందే ఇది కూడా.

ఇంగ ఇంటికి పోతే మా అమ్మ నా ఫోన్ తీసుకుని వాట్సాప్ మొత్తం చదువుతుంది. లాక్ పెడితే "ఏం దాస్తున్నావ్" అంటుంది. దాచేది ఏం లేదమ్మా, ఫ్రెండు వాళ్లింట్లో గొడవ నాకు చెప్పుకుంది, అది నువ్వు చదవకూడదు అంతే అంటే అర్థం కాదు. అక్కా మీరు చెప్పిన అవ్వ కోడలికి బ్యాలెన్స్ దాస్తుంది కదా, మా జేజి కూడా అంతే, ట్రంకుపెట్టె తాళం మొలతాడుకి కట్టుకుని తిరుగుతుంది. ఆ తాళం ఏందని ఎవరూ అడగరు. నా ఫోన్ లాక్ అయితే ఇంట్లో పంచాయితీ.

శెనక్కాయ_సేను

అమ్మా నాకు కూతురుంది, ఇంటర్. దాని ఫోన్ నేనూ చూస్తా వారానికోసారి. నువ్వు రాసింది చదివి రొంత సేపు గమ్మున కూర్చున్నా. చూడకుండా ఉంటా అని మాటియ్యను, భయం ఉంటాది నాయనకి. కానీ దాని ఫ్రెండు మాటలు చదవాల్సిన పని లేదు, అది నిజమే.

బురుజు_జెరాక్స్

అందరికీ చాలా థాంక్స్, ఇన్ని వస్తాయనుకోలేదు. కలర్ ప్రింటు పది రూపాయలు తమ్ముడూ.

ఈ పది రోజుల్లో చేసింది చెప్తా. కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ పెట్టినా. పక్కంగడి పిల్లోని కూర్చోబెట్టడం మానేసి, టిఫిన్‌కి పోయేటప్పుడు షట్టరు సగం దించుతున్నా. రాత్రి మూసేముందు ఆ రోజు ఫైళ్లన్నీ, అంగడి ఫోన్లో వచ్చిన వాట్సాప్ మెసేజులతో సహా డిలీట్. "మీ ఫైళ్లు సాయంత్రం తీసేస్తాము, మీ దగ్గర ఒకటి ఉంచుకోండి" అని అట్ట మీద రాసి పెట్టినా, ఎవరూ చదవరు, అదొక పాలసీ అయింది నాది కూడా. ఓటీపీ మాత్రం ఇప్పుడు చెప్పనీయడం లేదు, కీబోర్డు వాళ్ల వైపు తిప్పేస్తున్నా, ముసలోళ్లకి చేత కాకపోతే కాగితం మీద రాసియ్యమని ఆ కాగితం వాళ్లకే ఇచ్చేస్తున్నా. టెకీ తమ్ముడు చెప్పిన సంచార్ సాథీ కూడా చూసినా, నా పేరు మీద నాలుగు సిమ్ములు, మూడు మావి, నాలుగోది ఎవరిదో, అది నాది కాదని పెట్టినా. నా ఆధార్ జెరాక్సు నేను ఎవరికిచ్చినానో నాకే గుర్తు లేదు, ఊరందరికీ జెరాక్సులు ఇచ్చేవాణ్ణి నేను.

ఇంగ అక్క చెప్పిన మాటకి. మొదటి రోజు అరిచిపోయిన పాత గిరాకీ నిన్న మళ్లీ వచ్చినాడు. ఈసారి భాగపరిష్కారం కాగితాలు, అన్నదమ్ములవి, పదహారు పేజీలు. ప్రింటు తీసిచ్చినా, డబ్బు ఇచ్చినాడు, కానీ పోడు. కౌంటర్ లోపలికి తల పెట్టి "తీసేస్తావు కదప్పా?" అన్నాడు. సాయంత్రం తీసేస్తా అన్నా. "సాయంత్రం కాదు, ఇప్పుడు తీయి, నా ముందర తీయి. మా అన్న కూడా నీ అంగడికే వస్తాడు." తీసినా. రీసైకిల్ బిన్ అంటే ఏందో ఆయనకి ఎట్ల తెలుసో గానీ, అది కూడా తెరిపించి, ఖాళీ అయ్యిందాకా నిలబడి చూసినాడు. మెట్లు దిగి, మళ్లీ వెనక్కి వచ్చినాడు.

"ఆధార్ మాత్రం తీయొద్దు, నీ దగ్గరే ఉండనీ. మళ్ల కావాల్సొస్తాది."